నోట్లో పట్టని బొమ్మ

మా దుకాణంలో బొమ్మలు ఎంచడం నా పని. ఎంచడమంటే అందమైనవి ఏరిపెట్టడం కాదు. రబ్బరు బాతు కడుపు నొక్కి లోపలి పీపీ ఊడి వస్తుందేమో చూడాలి. గుడ్డ కుక్కపిల్ల కన్ను గోటితో లేపి చూడాలి. కారు చక్రం పీకాలి, గిలక్కాయను నేలకేసి కొట్టాలి, రంగు మీద తడి వేలు రుద్ది వేలు ఎర్రబడిందా అని వెలుగులో పెట్టి చూడాలి. సగం బొమ్మలు నా చేతిలోనే విరిగేవి. "నువ్వు అమ్మేటియి తక్కువ, ఇరగ్గొట్టేటియి ఎక్కువ" అనేవాడు మా ఆయన. పిల్లల నోట్లో విరిగేకన్నా నా చేతిలో విరగడం నయం కదా అని వాదించే ఓపిక మొదట్లో ఉండేది. పోను పోను అదీ పోయింది. ఆయన గొణిగేవాడు, నేను విరగ్గొట్టేదాన్ని.

దుకాణం మానుకోటలో. బోర్డుల మీద మహబూబాబాద్ అని రాసి ఉంటుంది గానీ నోటితో ఎవరం అట్లా అనం. స్టేషన్ నుంచి బజారుకు వచ్చే తోవలో గాజులు, రిబ్బన్లు, పూసలు, అద్దాలు, దారపు ఉండలు, ముందు వరసలో పిల్లల బొమ్మలు. చుట్టుపక్కల లంబాడా తండాల ఆడవాళ్లు అద్దాలకూ పూసలకూ మా దగ్గరికే వస్తారు. నా పుట్టిల్లు జనగామ. నా చెల్లెను ఇచ్చింది భూపాలపల్లి. ఆమె భర్త, మా మరిదికి అక్కడ గని కార్మికుల క్వార్టర్ల దగ్గర కిరాణా దుకాణం ఉంది. అందరం దుకాణాల వాళ్లమే. అందరికీ కొసరు సంగతి తెలుసు.

కొసరు గురించి చెప్పకపోతే ఈ కథ సాగదు. కూరగాయలామె గుప్పెడు కొత్తిమీర పైన వేస్తుంది చూడండి, అది కొసరు. మా దుకాణాల్లో అయితే గాజులు కొన్న తల్లి చంకలోని పిల్ల చేతిలో ఏదో ఒక చిన్న బొమ్మ పెడతాం. ఉట్టిగా ఇచ్చేది కనుక అది చిన్నదే అయ్యుంటుంది. ఏడ్చేది చంకలో పిల్లే కనుక దానికే ఇస్తాం. అట్లా దుకాణం మొత్తంలో అన్నిటికన్నా చిన్న బొమ్మ, ఊరు మొత్తంలో అందరికన్నా చిన్న పిల్ల చేతిలోకి పోతుంది. ఇందులో చెడ్డవాళ్లు ఎవరూ లేరు. ఇచ్చేవాళ్లు ప్రేమగానే ఇస్తారు, తీసుకునేవాళ్లు మురిసిపోయే తీసుకుంటారు.

నా చెల్లె మొదటి బిడ్డ అట్లాగే పోయింది. ఒక జాతరలో చెల్లె గాజులు వేయించుకుంది. గాజులాయన పిల్ల చేతిలో ఒక ప్లాస్టిక్ పిట్ట పెట్టాడు. ఊదితే కూసే పిట్ట. దాని తోకలో వేలిగోరంత పీపీ. ఇంటికి వస్తుంటే ఆటోలో అది ఊడి పిల్ల గొంతులో పడింది. చెల్లె వేలు పెట్టింది, మరిది వీపు మీద చరిచాడు, ఆటో దవాఖాన వైపు తిరిగింది. చేరేసరికి పిల్ల లేదు. అప్పుడప్పుడే "అమ్మ" అనడం నేర్చుకుంటోంది.

ఆ పిట్టను ఎవరూ కొనలేదు. ఎవరూ ఎంచలేదు. నాకు కడుపు మండేది దానికే. చీర కొంటే అంచు చూస్తాం, బియ్యం కొంటే రాళ్లున్నాయేమోనని దోసిట్లో పోసుకుని చూస్తాం. పిల్ల చేతిలోకి ఉట్టిగా వచ్చిందాన్ని మాత్రం ఎవరూ తిప్పి చూడరు.

అది జరిగాక మా దుకాణంలో కొసరు బొమ్మలు మాన్పించాను. యుద్ధమే అయింది. "కొసరియ్యని దుకాణానికి ఎవడొస్తడే? గిరాకీ అంత పక్క దుకాణానికి పోతలేదా?" అని మా ఆయన. "బొమ్మ కాకపోతే గుప్పెడు పుట్నాలు పెట్టరాదు" అని మా అత్తమ్మ.

"పుట్నాలు గొంతుల పడ్తయి అత్తమ్మా."

"మరి నా పిల్లలు పుట్నాలు తినకుంటనే పెరిగిండ్రా?"

 చివరికి పక్కనున్న పండ్ల బండి ఆమెతో మాట్లాడుకుని, చంకలో పిల్ల ఉన్న ప్రతి తల్లికీ ఒక అరటిపండు ఇవ్వడం మొదలుపెట్టాను. గాజుల దుకాణంలో అరటిపండ్లు! వచ్చినవాళ్లు వచ్చినట్టు నవ్వేవాళ్లు. "సేటమ్మా, రేపటి సంది తమలపాకులు గూడ పెడ్తవా?" అని అడిగిందొకామె. నవ్వనీ అనుకున్నాను. మా ఆయన మాత్రం చాలా రోజులు నవ్వలేదు.

తరవాత చెల్లెకు కొడుకు పుట్టాడు. బారసాలకు వెళ్లినవాళ్లందరం బట్టలే తీసుకుపోయాం, అవీ గుండీలు లేనివి. వాడు పాకాడు, నిలబడ్డాడు, నడిచాడు, ఆ ఇంట్లో మాత్రం ఒక్క బొమ్మ లేదు. వాడి ఏడాది పుట్టినరోజుకు అమ్మ జనగామ నుంచి ఒక రబ్బరు బంతి తీసుకుపోయింది. చెల్లె దాన్ని వాకిట్లోకి విసిరేసింది. ఆ తరవాత కొన్ని నెలలు అమ్మతో మాట్లాడలేదు. అమ్మకు అంతకన్నా పెద్ద దెబ్బ ఇంకోటి లేదు.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరిగిన ఏడాది సంగతి ఇది. బస్సులు డిపోల్లో నిలబడ్డాయి. బడులకు, ఆఫీసులకు తాళాలు పడ్డాయి. గనుల్లో బొగ్గు తవ్వేవాళ్లు పైకి వచ్చేశారు. కరెంటు వచ్చినప్పుడు వచ్చేది, లేకపోతే లేదు. ఎక్కడ చూసినా సభలు, డప్పులు, పాటలు. మాకూ ఉద్యమం మీద ప్రేమ లేక కాదు. నేనూ బతుకమ్మ ఎత్తుకుని రైలు పట్టాల దాకా పోయినదాన్నే. కానీ వారాలు గడిచేకొద్దీ ఒళ్లు అలిసిపోతుంది. దసరా దగ్గరపడింది, హైదరాబాద్ నుంచి సరుకు లేదు, దుకాణం షట్టరు సగం దించి కూర్చునేవాళ్లం. ఆ సగం షట్టరు కిందనుంచే తల్లులు వంగి లోపలికి వచ్చేవాళ్లు. "బడి లేక పోరగాండ్లు నెత్తి తింటున్నరు, ఏదన్న బొమ్మ ఉంటే ఇయ్యి సేటమ్మా. పండుగ గూడ వచ్చె."

మంచి బొమ్మలు అప్పటికే అయిపోయాయి. మిగిలినవి నేను పక్కన పడేసినవి, ఒక గోనె సంచి నిండా. కన్నూడే ఎలుగుబంట్లు, రంగు వదిలే రైలుబండ్లు, బిళ్ల బ్యాటరీ మూత వేలితో తెరుచుకునే సెల్‌ఫోన్లు. వాటిని అమ్మేద్దామని మా ఆయన. వద్దని నేను. ఒకరోజు ఆయన సంచి విప్పబోతే పోయి దాని మీద కూర్చున్నాను. గిరాకీ ముందు పరువు పోయిందని ఆయన బయటికి వెళ్లిపోయాడు. నేను చాలాసేపు ఆ సంచి మీదే కూర్చున్నాను. లేచే ఓపిక కూడా లేదు.

అట్లాంటి రోజుల్లో జనగామ నుంచి అమ్మ ఫోన్ చేసింది.

"పోరడు తాంబాళంతోని ఆడుకుంటున్నడే. నీ చెల్లె దగ్గర ఫోన్ల ఇన్న. తాంబాళాన్ని కొట్టుడు, దానితోని మాట్లాడుడు. దసరాకు ఓ బొమ్మ పట్కరా."

"పోయినసారి ఏమైందో యాది మరిచినవా అమ్మా?"

"అందుకే నిన్ను తెమ్మంటున్న. బొమ్మల సంగతి నీకెరుక. నువ్వు తెస్తే పారెయ్యదు."

పారేస్తుందో లేదో నాకు నమ్మకం లేదు. చెల్లె మీద నాకు కోపం లేదు. కానీ ఈసారీ బొమ్మ వాకిట్లో పడితే ఇంకెవరమూ ఆ ఇంటికి ఏదీ తీసుకుపోలేం. పోరడు బడికి పోయేదాకా తాంబాళంతోనే ఉంటాడు, చెల్లె ఆ పిట్టతోనే ఉంటుంది. అది తలుచుకుంటే నాకు అన్నం సయించేది కాదు.

దుకాణంలో ఉన్న ప్రతి బొమ్మనూ చెల్లె కళ్లతో చూశాను. ఒక్కటీ నిలబడలేదు. చివరికి నేనే కుడదామనుకున్నాను. బొంత కుట్టుకోమని అమ్మ ఇచ్చిన పాత నేత చీరలు ఇంట్లో ఉన్నాయి, కట్టీ కట్టీ వెన్నలా మెత్తబడినవి. ఒక చీరతో బొమ్మ ఒళ్లు కత్తిరించాను, ఇంకో చీరను పీలికలు చేసి లోపల కూరాను. దూది పెట్టలేదు, ఉండలు ఉండలుగా బయటికి వస్తుందని. గుండీలు లేవు, పూసలు లేవు. కాళ్లూ చేతులూ నా మణికట్టంత లావు పెట్టాను, ఏ మూలా పిల్లవాడి నోట్లో పట్టకుండా. కళ్లు నల్లదారంతో కుట్టాను. అంత చేశాక చూస్తే అది మనిషిలా లేదు, ఉబ్బిన మెత్తలా ఉంది. నా కుట్టు ఎంత వంకరో మా అత్తమ్మ నలుగురికీ చూపించి మరీ నవ్వింది.

ఆ రోజే తండా అక్క వచ్చింది. నా కన్నా పెద్దది, ఏళ్లుగా మా దుకాణంలో అద్దాలు కొనే మనిషి. కూతుళ్లతో వాళ్ల భాషలో మాట్లాడి, నా వైపు తిరిగి తెలుగులోకి వచ్చేది. బొమ్మను తిరగేసి మరగేసి చూసింది.

"గిదేంది సేటమ్మా, గింత బోడిగున్నది? కుట్టు గూడ నిలవదు. పోరడు రెండుసార్లు గుంజితే పేగులు బయటికొస్తయి."

"కుట్టు గట్టిగ వేసిస్తవా అక్కా?"

"ఇయ్యి. మంచిగ జేసి తెస్త."

సంతోషంగా ఇచ్చేశాను. కుట్టు గట్టిగా ఉంటే చాలనుకున్నాను. ఆమె అన్న "మంచిగ" అనే మాటను పట్టించుకోలేదు.

పండగ దగ్గరపడ్డాక తెచ్చింది. కొంగులోంచి తీసి గల్లాపెట్టె మీద నిలబెట్టింది. నా జన్మలో అంత అందమైన బొమ్మను చూడలేదు. ఎర్ర పరికిణీ నిండా అద్దాలు, మెడలో గవ్వల వరస, కాళ్లకు చిన్న చిన్న మువ్వలు, నెత్తిన పూసల కుచ్చు. ఆమె నా ముఖం వైపే చూస్తోంది, నేను ఎప్పుడు నవ్వుతానా అని. నాకు ఏడుపు వచ్చింది. ఆ గవ్వల్లో, ఆ మువ్వల్లో, ఆ పూసల్లో దేన్ని చూసినా నాకు ఆ పిట్ట తోకే కనబడింది. ఎన్ని రోజులు కూర్చుని కుట్టిందో. ఏమని చెప్పను?

"నచ్చలేదా?" అన్నది.

చెప్పక తప్పలేదు. చెల్లె మొదటి బిడ్డ సంగతి, జాతర, కొసరు, ఆటో, అన్నీ చెప్పాను. ఆమె అంతా విన్నది. తరవాత కోపంగా అన్నది.

"ముందుగాల చెప్పద్దా సేటమ్మా? మా తాన గవ్వ కుట్టకుంట పోరగాండ్లకు ఏది ఇయ్యం, దిష్టి తాకుతదని. నువ్వు జెప్తే నేను గవ్వ ముడ్తునా?"

నిజమే, చెప్పాల్సింది. కానీ ఆ సంగతి ఎవరికి చెప్పాలన్నా నాకు నోరు వచ్చేది కాదు. ఆమె అక్కడే గడప మీద కూర్చుంది. నా కత్తెర అడగలేదు, దారాలు పళ్లతో కొరికి తెంపింది. గవ్వలు, మువ్వలు, పూసలు, అద్దాలు ఒక్కొక్కటీ వచ్చి ఆమె ఒళ్లో పడుతుంటే నేను చూడలేక పోయి లోపల చాయ్ పెట్టాను. అద్దాలు తీసేసిన చోటల్లా పరికిణీ మీద గుండ్రటి కుట్లు మిగిలాయి, నడుమ బోసిగా. అట్లా వదిలేయడానికి ఆమెకు మనసు రాలేదు. పసుపు దారంతో ఆ గుండ్రాలన్నిటినీ నింపింది. చాయ్ చల్లారిపోయింది.

"జర దిష్టి తీసి ఇయ్యిండ్రి పోరనికి" అని మాత్రం చెప్పి, గవ్వలు మూట కట్టుకుని వెళ్లిపోయింది.

సద్దుల బతుకమ్మకు జనగామ వెళ్లాను. రైలు మధ్యలో రెండు చోట్ల ఆగింది, పట్టాల మీద జనం కూర్చున్నారని. ఎవరూ విసుక్కోలేదు. విసుక్కునే ఓపిక అందరికీ అయిపోయి ఉంటుంది. ఆ సాయంత్రం జనగామలో ఆడవాళ్లందరం బతుకమ్మ ఆడాం. పాటల్లో తెలంగాణ వచ్చింది, జైళ్లు వచ్చాయి, ఉద్యమంలో చనిపోయిన పిల్లలు వచ్చారు. అమ్మ చప్పట్లు కొడుతూ కొడుతూ మధ్యలో ఆగి పక్కకు పోయి కూర్చుంది. చెల్లె పుట్టింటికి రాక అది ఎన్నో బతుకమ్మో ఆమెకు తెలుసు.

మర్నాడు అమ్మా నేనూ భూపాలపల్లి బయలుదేరాం. బస్సు లేదు కనుక జీపులు మారుతూ పోవాలి. హనుమకొండలో ఒకటి, పరకాలలో ఇంకొకటి. జీపులో మనుషులు మనుషుల మీద కూర్చున్నారు. బొమ్మ సంచి నా ఒళ్లో, అమ్మ మోకాళ్లు నా మోకాళ్ల మీద. మొగుళ్లపల్లి దిక్కు పోయే తోవ దగ్గర జీపు ఆగిపోయింది. రోడ్డు నడుమ రాళ్ల పొయ్యిలు, వాటి మీద పెద్ద పెద్ద గంజులు. ఉద్యమం వాళ్లు రోడ్డు మీదే వండి తినే వంటావార్పు.

"తినే పోవాలె, తినకుంటె దారియ్యం" అన్నాడు ఒక పెద్దాయన, గంటె ఊపుతూ. గద్దింపు లాగే ఉంది గానీ మాకు ముందు నీళ్లు ఇచ్చాడు. రోడ్డు మీదే కూర్చుని పులిహోర తిన్నాం. పక్కన ఒక తల్లి తన పిల్లకు ముద్దలో పల్లీలు ఏరి పక్కన పెట్టి తినిపిస్తోంది. నేను ఆమెనే చూస్తూ కూర్చున్నాను. "ఏందక్కా గట్ల జూస్తున్నవ్?" అన్నది. ఏం లేదన్నాను. ఆమెను ముద్దు పెట్టుకోవాలనిపించింది.

చేరేసరికి పొద్దుగూకింది. చెల్లె బక్కచిక్కి ఉంది. మమ్మల్ని చూసి నవ్వింది గానీ ఆ నవ్వు మా చేతుల్లోని సంచుల మీదికి పోయి ఆగింది. పోరడు చక్కగా ఉన్నాడు, బుగ్గలతో. తాంబాళాన్ని ఈడ్చుకుంటూ వచ్చి నా ముందు పెట్టి, దాని మీద కొట్టి, నా ముఖంలోకి చూశాడు. అది వాడి చుట్టం. నన్ను దానికి పరిచయం చేస్తున్నాడన్నమాట. నేనూ తాంబాళాన్ని కొట్టాను. వాడు పకపకా నవ్వాడు.

బొమ్మను తీయలేదు. ఆ రోజు తీయలేదు, దసరా పొద్దున తీయలేదు. అమ్మ కళ్లతో సైగ చేస్తూనే ఉంది. తరవాత చూద్దాం, తరవాత చూద్దాం అని నేను. ఒకసారి తీశాక మళ్లీ సంచిలో పెట్టేది ఉండదు కదా.

సాయంత్రం జమ్మి మొదలైంది. సమ్మె ఉన్నా లేకున్నా జమ్మికి అందరూ వచ్చారు. క్వార్టర్ల నుంచి గని కార్మికులు, వాళ్ల పిల్లలు, ఇరుగుపొరుగు. ప్రతివాళ్లూ "బంగారం" అంటూ మరిది చేతిలో, అమ్మ చేతిలో జమ్మాకు పెట్టి దండం పెడుతున్నారు. పోరణ్ని చూసి ఎవరు ఊరుకుంటారు? వాడి పిడికిట్లోనూ రెండాకులు పెడుతున్నారు. జమ్మాకు ఎంత ఉంటుంది, చింతాకంత. ఒక్కొక్కరు గడప దిగగానే చెల్లె కూర్చుని వాడి పిడికిలి విప్పుతోంది, ఆకులు తీస్తోంది, చూపుడు వేలు వంచి వాడి బుగ్గల లోపల తిప్పి చూస్తోంది. మళ్లీ ఎవరో వస్తారు, మళ్లీ పెడతారు, మళ్లీ విప్పుతుంది. వాడికి ఆ వేలు ఎంత అలవాటంటే, ఆమె వంగగానే వాడే నోరు తెరుస్తున్నాడు.

నాకు అది చూడ శక్యం కాలేదు. ఇట్లా ఎన్నేళ్లు బతుకుతుంది ఇది అనుకున్నాను.

జనం పలచబడ్డాక తనే అడిగింది.

"అక్కా, ఆ సంచిల ఏమున్నది? నిన్నటి సంది చూస్తున్న. మీరిద్దరు దాని దిక్కు చూసుడు, నా దిక్కు చూసుడు."

తీసి ఆమె చేతిలో పెట్టాను. పిల్లవాడికి ఇవ్వలేదు, ఆమెకే ఇచ్చాను. "నేనే కుట్టిన. పూస లేదు, గుండీ లేదు. నోట్ల పట్టదు. నువ్వు చూసుకో. వద్దంటె తీస్కపోత."

ఆమె విసిరేయలేదు. కళ్ల దగ్గర దారం లాగింది. కాలు పట్టి గుంజింది, చెయ్యి గుంజింది. బొటనవేలు తడి చేసి ఎర్ర పరికిణీ మీద రుద్ది చూసింది. నేను దుకాణంలో చేసేవన్నీ, నాకన్నా గట్టిగా. తరవాత ఆమె వేలు పసుపు గుండ్రాల దగ్గర ఆగింది.

"గీడ ఏముండె?"

అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేదు. "అద్దాలు. తండా అక్క ఒకామె ప్రేమతోని కుట్టింది. నేను సంగతి జెప్తే అన్నీ తీసేసింది. గవ్వలు, మువ్వలు గూడ ఉండె. అన్నీ తీసింది."

"అన్నీ తీసిందని నీకెట్ల ఎరుక? ఒక్క మువ్వన్న లోపలికి జారలేదని ఎట్ల ఎరుక?"

 ఆ గవ్వలు పడుతుంటే నేను చాయ్ పెట్టడానికి లోపలికి పోయాను కదా.

చెల్లె లేచి కత్తెర తెచ్చింది. గోడకు ఆనుకుని కూర్చున్న అమ్మ ఒక్కసారి ముందుకు వంగింది. "పండుగ పూట బొమ్మ కడుపు కోస్తవానే? వద్దు బిడ్డా, నీకు దండం పెడ్త" అన్నది. చెల్లె వినలేదు. మెడ కింద నుంచి కోసింది. తండా అక్క కుట్టు ఎంత గట్టిదో అప్పుడు తెలిసింది, కత్తెర ఒక పట్టాన దిగలేదు. నేను అడ్డం పోలేదు. పోవాలనిపించలేదు కూడా. అంత అలిసిపోయి ఉన్నాను. సరే, ఇదీ వాకిట్లో పడుతుంది, రేపు జీపెక్కి వెళ్లిపోదాం అనుకున్నాను.

ఆమె పీలికలన్నీ బయటికి లాగింది. ఒక్కొక్కటీ విదిలించి, రెండు వేళ్ల మధ్య మొదటి నుంచి చివరి దాకా జార్చి చూసి, ఒళ్లో వేసుకుంది. కాళ్ల చివరల దాకా వేలు పెట్టి తడిమింది. పోరడు తాంబాళం వదిలేసి వచ్చి నిలబడ్డాడు. ఒక పీలిక దగ్గర ఆమె ఆగింది. నీలం రంగు, సన్నటి గీత.

"గిది అమ్మ చీర గదా" అన్నది.

"అమ్మదే. బొంతకని ఇచ్చింది."

ఆమె ఆ పీలికను చాలాసేపు పట్టుకుంది. తరవాత ఖాళీ అయిన బొమ్మ ఒంటిని లోపలివైపు తిరగేసి, దులిపి, దీపం వెలుగులో చూసింది. ఏమీ రాలలేదు.

"ఏం లేదక్కా దీంట్ల" అన్నది.

"ఏం లేదే."

"ఏం లేదు" అని ఇంకోసారి తనకే చెప్పుకుంది. మెల్లగా పీలికలు మళ్లీ కూరడం మొదలుపెట్టింది. నీలం పీలికను అన్నిటికన్నా లోపల పెట్టింది. మరిది సూదీ దారం తెచ్చి ఇచ్చి, గడప దగ్గర నిలబడ్డాడు. ఆమె దారం జోడించి, కోసినంత మేరా కుట్టింది. ఒకసారి కుట్టి, దాని మీద మళ్లీ కుట్టింది. ముడి వేసి, పళ్లతో కొరికి, సూదిని మరిది చేతికి ఇచ్చి లోపల పెట్టమంది. ఆయన దాన్ని పెట్టి వచ్చేదాకా ఆగింది.

తరవాత బొమ్మను కొడుకు చేతికి ఇచ్చింది.

వాడు దాన్ని రెండు చేతులా పట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి చూసి, పిల్లలందరూ చేసేదే చేశాడు. కాలు నోట్లో పెట్టుకున్నాడు. అది పట్టలేదు. అయినా వదల్లేదు, అంచు పట్టుకుని చొంగ కారుస్తూ చీకడం మొదలుపెట్టాడు. చెల్లె చూపుడు వేలు వంగి వాడి గడ్డం దాకా లేచింది. వాడు అలవాటుగా నోరు తెరవబోయాడు.

ఆ వేలు అక్కడే ఆగింది.  తరవాత ఆమె దాన్ని వెనక్కి తీసి, ఇంకో చేత్తో గట్టిగా పట్టుకుని ఒళ్లో పెట్టుకుంది.

"నమలనీ" అన్నది, ఎవరం ఏమీ అనకముందే.

వాడు నమిలాడు. మేం నలుగురం వాడి నోరే చూస్తూ కూర్చున్నాం.